రాహుకాలంలో కట్టిన రేడియో

"ఎగిరెనా?"

షాపు మెట్టు మీద ఎవరు కాలు పెట్టినా ఆమె అడిగే మొదటి మాట అదే. బాగున్నావా, కాఫీ తాగుతావా అన్నవి తర్వాత. తమిళనాట కోవిల్‌పట్టిలో మా తెలుగు వీధివాళ్ళకు ఆమె రేడియో అత్త. కాలేజీ పిల్లలకు రేడియో పాట్టి, అంటే అవ్వ. షాపు బోర్డు మీద ఉన్నది ఆమె భర్త పేరు. అదీ ఎండకు వెలిసిపోయి సగమే కనిపించేది. ఆమె పేరు నేనూ ఇక్కడ రాయను. అడిగినవాళ్ళకు ఆమె ఇచ్చే జవాబు ఒకటే: "నా పేరుతో నీకేమి పని? సెట్టు తెచ్చినావా లేదా?"

పోయిన మంగళవారం మా అమ్మ ఫోను చేసింది. "రేడియో అత్త పోయె పాపా. కూచున్నది కూచున్నట్టే పోయె," అంది. ఆ రోజు మా పాపకు జ్వరం. రెండున్నరేళ్ళ పిల్లను జ్వరంతో విరుదునగర్ నుంచి బస్సెక్కించడానికి ధైర్యం చాలలేదు. వెళ్ళలేదు. అప్పటినుంచి ఆమె గొంతు చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె షాపులో రేడియోలు, మిక్సీలు, టీవీ రిమోట్లు అన్నీ బాగుపడేవి. కానీ ఆమెకు పేరు తెచ్చినవి బొమ్మ విమానాలు. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీల పిల్లలు థర్మాకోలు అట్టలతో విమానాలు చేసి, పోటీల్లో ఎగరేస్తారు. చేతిలో పట్టుకునే పెట్టె ట్రాన్స్‌మిటర్. విమానం కడుపులో బొటనవేలంత రిసీవర్. ఈ రెండింటినీ ఒక్కసారి ఒకదానికొకటి పరిచయం చేయాలి. చేశాక ఆ రిసీవర్ ఆ ఒక్క ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది, పక్కన వంద మోగుతున్నా తల తిప్పదు. ఆ పరిచయాన్నే మావైపు "కట్టడం" అంటారు. మూడు ఊళ్ళ పిల్లలు కట్టించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆమె ట్రాన్స్‌మిటర్‌ను ట్రాన్స్‌మిటర్ అనేది కాదు. అది అమ్మ. రిసీవర్ బిడ్డ.

"అమ్మ లేచినాకనే బిడ్డ లేయాల. బిడ్డ పొణుకున్నాకనే అమ్మ పొణుకోవాల." స్విచ్చులు వేసే వరస అది. ముందు ట్రాన్స్‌మిటర్ వేసి ఆ తర్వాతే విమానానికి కరెంటు ఇవ్వాలి. ఆపేటప్పుడు ముందు విమానం, ఆఖరున ట్రాన్స్‌మిటర్. పెద్ద కాలేజీ పిల్లవాడైనా సరే, వరస తప్పితే వేళ్ళ మీద చిన్నగా ఒకటి తగిలేది.

అంతకన్నా ముందు మాట ఇంకొకటి. "మొదట రెక్క ఇప్పు, పిల్లా. ఇంగ మాట్లాడు." ముక్కు దగ్గర తిరిగే ఫ్యాను రెక్క విప్పి బల్ల మీద పెడితేగాని ఆమె విమానాన్ని ముట్టుకునేది కాదు. తర్వాత చెవి దగ్గర దోపుకున్న అగ్గిపుల్ల తీసేది. మందున్న కొస విరిచి పారేసేది. ఆ మొండి పుల్లతో రిసీవర్ మీది ఆవగింజంత బటన్ ఒత్తేది. చిన్నప్పుడు అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చిన వేళ్ళు. ఎక్కడ ఎంత ఒత్తాలో వాటికి తెలుసు. ఎవరైనా స్క్రూడ్రైవర్ అందిస్తే, "బిడ్డ కంట్లో ఇనుము పెడతావా?" అని కసిరేది.

పుల్ల ఒత్తగానే రిసీవర్‌లో ఎర్ర దీపం గబగబా మిణుకుతుంది. ట్రాన్స్‌మిటర్ బటన్ పట్టుకుని స్విచ్చు వేస్తే మిణుకు ఆగిపోయి నిలకడగా వెలుగుతుంది. ఆ క్షణంలో ఆమె నోట్లోంచి చిన్న శబ్దం వచ్చేది, పాలు తాగి విడిచిన పిల్లను చూసి తల్లులు చేసే శబ్దం. తర్వాత ట్రాన్స్‌మిటర్‌ను కడలమిట్టాయి, అదే వేరుశెనగ చిక్కీల, రేకు డబ్బాలో పెట్టి మూత మూసేది. అంత రేకులోంచి కూడా బిడ్డకు వినబడితే, "ఇంగ తీసుకోని పో" అనేది.

తీసుకుని పోయినవాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పేవాళ్ళు కాదు. పగిలితే వస్తారు, కాలితే వస్తారు. ఎగిరిందని చెప్పడానికి బస్సు దిగి ఎవరొస్తారు? అందుకే మెట్టెక్కిన ప్రతివాళ్ళనూ, మిక్సీ తెచ్చినవాళ్ళనూ కూడా ఆ ప్రశ్న అడిగేది. వందల రేడియోలు కట్టిన మనిషి ఒక్క విమానం ఎగరడం చూడలేదు.

మేము నలుగురు ఆడపిల్లలం ఒక జట్టు. ముగ్గురికి చొరవ ఎక్కువ. నాలుగోదాన్ని నేను. బ్యాటరీ వేడెక్కుతోందా అని నాలుగుసార్లు తాకి చూసేదాన్ని, బిగించిన స్క్రూనే మళ్ళీ బిగించేదాన్ని. మొదటిసారి ఆమె షాపుకు వెళ్ళినప్పుడు నా స్నేహితురాలు నవ్వుతూ, "అత్తా, ఇది అన్నిటికీ బయపడుతుంది" అని చెప్పింది.

ఆమె కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. "బయపడేదాన్నే కావాల నాకు. దా, నువ్వు ఇటు కూచో."

ఆ రోజునుంచి నాకు ఉద్యోగం ఒకటి దొరికింది. విమానం ఎత్తుకుని వీధిలో ముప్పై అడుగులు నడవాలి. ఆమె షాపులోంచి ట్రాన్స్‌మిటర్ మీది చిన్న కర్రలు కదుపుతుంది. తోక రెక్క ఆడుతోందా లేదా నేను అరిచి చెప్పాలి. "అమ్మకు వీపు తిప్పి నిలుచుకో. అప్పటికీ బిడ్డ వినాల," అని కేకేసేది. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. నేను ముప్పై అడుగులకు బదులు నలభై నడిచేదాన్ని, ఎందుకైనా మంచిదని. అది ఆమెకు నచ్చేది.

ఆఖరి ఏడాది పోటీ విరుదునగర్ బయట ఒక కాలేజీ మైదానంలో జరిగింది. అంతకు ముందు రెండేళ్ళూ మా విమానం నేల వదలకుండానే విరిగింది. ఈసారి కూడా అంతే అయితే ఇక అవకాశం లేదు, చదువు అయిపోతుంది. ముందు రోజు ఆమె షాపుకు వెళ్ళి, "నువ్వే వచ్చి చూడత్తా," అన్నాను. "షాపు మూసి వచ్చేదానికి నేనేమి సినిమా యాక్టరా?" అంది. వస్తానని అనలేదు.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నిర్వాహకులు పన్నెండు జట్లకూ ఒకే రకం కొత్త సెట్లు ఇచ్చారు. మా సార్ గడియారం చూశారు. "తొమ్మిదికి రాహుకాలం వస్తుంది. ఆ లోపలే కట్టేయండి," అన్నారు. పక్క జట్టు సారూ అదే అన్నారు. అందరి సార్లూ అదే అన్నారు. భోజనాల హాల్లో పొడుగు బల్లల మీద పన్నెండు జట్లూ భుజాలు రాసుకుంటూ ఒకేసారి బటన్లు ఒత్తాయి. ఎర్రదీపాలన్నీ ఒకేసారి నిలిచాయి. అందరూ కర్రలు కదిపారు, అందరి తోకలూ ఆడాయి. చప్పట్లు. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా అన్నీ ఆపేశారు.

అప్పుడు నాకొక మాట గుర్తుకొచ్చింది. "ఒకటి కట్టేటప్పుడు పక్కన ఇంగొకటి లేయకూడదు," అనేది ఆమె. చెబుదామని నోరు తెరిచాను. సార్ ముఖం చూసి మూసుకున్నాను.

తొమ్మిదింబావుకు మైదానంలో, మళ్ళీ స్విచ్చులు వేశాక, నేను విమానం పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ట్రాన్స్‌మిటర్ స్నేహితురాలి చేతిలో ఉంది. తను వేలు కూడా కదపలేదు. ఉన్నట్టుండి ఫ్యాను గిర్రున తిరిగింది. నా కుడిచేతి చూపుడువేలు చీరుకుపోయింది. నెత్తురు చూసి, ఎగరేయాల్సిన స్నేహితురాలు కింద కూర్చుండిపోయింది.

ఒకరు సెల్‌ఫోను టవర్ వల్ల అన్నారు. ఇంకొకరు ఆడపిల్లల మీద కన్ను పడిందన్నారు. న్యాయనిర్ణేత వచ్చి చూసి, "చెప్పిన మాట వినని విమానాన్ని ఎగరనివ్వను. పదిన్నరకు మొదలుపెడతాం. ఆ లోపల సరిచేయకపోతే మీ పేరు కొట్టేస్తాను," అని వెళ్ళిపోయాడు. నాకు ఇంటికి పోవాలనిపించింది. నిజంగా అంతే అనిపించింది. ఇక విమానాల జోలికి పోకూడదని, అమ్మ దగ్గరికి వెళ్ళి పడుకోవాలని.

పదికి పావు తక్కువలో గేటు దగ్గర గొడవ వినిపించింది. గుర్తింపు కార్డు వేసుకున్న కుర్రవాడు ఒక ముసలామె గుడ్డసంచీ చూపిస్తూ, "టిఫిను అటు వంటగదిలో ఇవ్వండి పాట్టీ," అంటున్నాడు.

"టిఫిను మీ అమ్మ పెట్టి పంపలేదా తంబీ? నేను ఏరోప్లేను చూసేదానికి వచ్చినా. జరుగు," అంది ఆమె.

కోవిల్‌పట్టి జట్ల కుర్రవాళ్ళు చూశారు. "రేడియో పాట్టి వచ్చిందిరా!" అని కేకలు. ఆ కుర్రవాడు జరిగాడు.

ఆమె ముందు నా వేలు చూసింది. దానికి చుట్టిన చేతిరుమాలు విప్పి, మళ్ళీ గట్టిగా కట్టింది. తర్వాత విమానం చూసింది.

"రెక్క ఇప్పు."

విప్పాను.

"ఎన్ని గంటలకు కట్టినారు?"

"తొమ్మిదికి పది నిమిషాలుండంగా, అత్తా."

"రాగుకాలానికి ముందరా?"

"ఆమా, ముందరే."

"మీరొకరేనా, అందరూనా?"

"అందరూ. ఒకే గదిలో. నాకు నీ మాట గ్యాపకం వచ్చె. సార్ ఉన్నారని చెప్పలేదు."

ఆమె నవ్వు మొదలుపెట్టి ఆపేసింది. "తెలిసీ చెప్పలేదా? పిచ్చిదానా, బయపడాల్సింది సార్‌కు కాదే, ఫ్యానుకు!"

తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని మైదానమంతా చూసింది. "పన్నెండు మంది ఒకే గదిలో, ఒకే నిమిషంలో బిడ్డల్ని కంటే యెవురి బిడ్డ యెవురి సంకలో ఉండునో యెవురికి తెలుసు? బిడ్డలు మారిపోయిండారు. అందరూ రెక్కలు ఇప్పండి! అమ్మలను ఆపండి!"

న్యాయనిర్ణేత ఏదో అనబోయేలోపే కోవిల్‌పట్టి కుర్రవాళ్ళు ఆపేశారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ ఆపేశారు. బిడ్డ ముందు లేవకూడదన్నది ఆమె నియమమే. ఆ రోజు తప్పిపోయిన బిడ్డను వెతకడానికి ఆ నియమాన్ని ఆమే పక్కన పెట్టింది. ఫ్యాను రెక్క విప్పిన మా విమానానికి మాత్రం కరెంటు ఇప్పించింది. తర్వాత ఒక్కొక్క జట్టునే ట్రాన్స్‌మిటర్ వేసి కర్ర కదపమంది. మొదటి జట్టు. మా విమానం కదల్లేదు. రెండు. మూడు. ఏడో జట్టు శివకాశి కుర్రవాళ్ళు. వాళ్ళలో పొడుగాటివాడు కర్ర ఇలా కదిపాడో లేదో, మా విమానం తోక అటూ ఇటూ ఆడింది, అమ్మ కనబడ్డ కుక్కపిల్ల తోకలా. మైదానంలో అందరూ ఒక్కసారి ఓ అన్నారు.

ఆ పొడుగాటివాడు నా చేతి కట్టు చూసి తెల్లబోయాడు. "మాది కదలకపోతే బ్యాటరీ చెడిందనుకుని కర్ర గట్టిగా ఒత్తితిమి, అక్కా," అన్నాడు. వాళ్ళ బిడ్డ మా అమ్మ దగ్గర ఉంది మరి.

"సెరి, ఇప్పుడు మార్చి కడదాము," అంది ఆమె.

మా సార్ నెమ్మదిగా, "ఇంకా రాహుకాలం ఉందమ్మా" అన్నారు.

"అందుకే సార్. ఇప్పుడు యెవురూ ఏమీ మొదలుపెట్టరు. గాలి కాలీగా ఉండాది. కట్టేదానికి దీనికన్న మంచి టైము యాడ దొరుకును?"

సార్ పక్కకు జరిగి చోటిచ్చారు. న్యాయనిర్ణేత కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు, నేర్చుకునే పిల్లవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని.

ఆమె అగ్గిపుల్ల తీసింది. కొస విరిచింది. నా చేతికిచ్చింది. "నువ్వే ఒత్తు."

కట్టు కట్టిన వేలితో ఒత్తాను. దీపం మిణికింది, నిలిచింది. ఆమె నోట్లోంచి ఆ చిన్న శబ్దం వచ్చింది. శివకాశివాళ్ళది ఆ తర్వాత, విడిగా, మాది ఆపేసి కట్టింది. నేను విమానం ఎత్తుకుని నడిచాను. ముప్పై కాదు, అరవై అడుగులు. వీపు తిప్పి నిలబడ్డాను. తోక ఆడింది. ఆఖరి పరీక్ష మిగిలింది. రెక్క మళ్ళీ బిగించాక, ఫ్యాను తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపించింది. ఫ్యాను వెంటనే ఆగిపోయింది.

"అమ్మ గొంతు వినబడకపోతే బిడ్డ ఏమి చేయాల? ఎగిరిపోకూడదు. కొట్టుకోని అరవకూడదు. ఊరక మెల్లగా దిగాల. అది నేర్పించి పంపితే ఇంగ బయము లేదు."

ఎగరేసేదెవరు అన్న ప్రశ్న వచ్చింది. కింద కూర్చున్న స్నేహితురాలు ఇక తనవల్ల కాదంది. అత్త ట్రాన్స్‌మిటర్ తీసి నా చేతిలో పెట్టింది. "బయపడేదాని చేతిలో ఉంటే ఏరోప్లేను బద్రము. నువ్వు అన్నిటికీ ముందే బయపడి ముగించినావు. ఇంగ పైన బయపడేదానికి ఏముండాది?"

మూడు నిమిషాలు. విమానం నేలమీద పదడుగులు పరిగెత్తి, లేచింది. మైదానం చివర తుమ్మచెట్ల పైన తిప్పాను. ఎనిమిది అంకె వేశాను, మళ్ళీ వేశాను. వేలు నొప్పి తెలియలేదు. ఎవరో అరుస్తున్నారు, ఎవరో ఈల వేస్తున్నారు. సున్నం గీసిన గుండ్రంలో విమానం పొట్ట ఆనించి ఆగింది. ముందు విమానం ఆపాను, తర్వాత ట్రాన్స్‌మిటర్. అప్పుడు వెనక్కి తిరిగాను.

ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా ఆకాశంలోకే చూస్తోంది. విమానం దిగిపోయిందని కూడా గమనించినట్టు లేదు.

"ఎగిరె," అంది.

అడగలేదు. చెప్పింది.

శివకాశివాళ్ళకు మొదటి బహుమతి, మాకు రెండోది. నా స్నేహితురాళ్ళు కొంచెం చిన్నబోయారు. ఆమె మాత్రం రెండు జట్ల మధ్యా నిలబడి, "ఒకటో నంబరు నేను కట్టింది, రెండో నంబరూ నేను కట్టిందే. ఇంగేమి కావాల?" అంది. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది. కండక్టర్ టికెట్టుకు చెయ్యి చాపితే, "ఎగిరె కండక్టరూ" అని చెప్పింది. ఏమిటి ఎగిరిందని అతను అడగలేదు. సాత్తూరులో మల్లెపూలమ్మే ఆమె ఎక్కింది. ఆమెకూ చెప్పింది. కోవిల్‌పట్టి చేరేలోపు ఆ బస్సులో తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ తర్వాత షాపు మెట్టెక్కినవాళ్ళను ఆమె ఆ ప్రశ్న అడగడం మానేసింది. కట్టిన సెట్టు చేతికిస్తూ, "ఎగురును. నేను చూస్తిని," అనేది, సాక్ష్యం చెబుతున్నట్టు.

విమానంతో సహా మా సెట్టు నలుగురిలో ఎవరికన్న వాదన వచ్చినప్పుడు, తెగిన వేలు నాది కాబట్టి నాకే ఇచ్చారు. పెళ్ళయి విరుదునగర్ వచ్చినప్పుడు బట్టలతోపాటు అదీ వచ్చింది. పాప కడుపున పడ్డాక అటక మీదికి వెళ్ళింది.

పాప పుట్టినప్పటినుంచి నా భయాలకు అంతు లేదు. గ్యాసు కట్టేశానా, తలుపు గడియ వేశానా, పాప ఊపిరి ఆడుతోందా. పాప నిద్రపోయాక కూడా నేను నిద్రపోను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, పడుకుంటాను, మళ్ళీ లేస్తాను. పప్పు మిల్లు నుంచి అలసి వచ్చిన మావారు, "డ్యూటీ మార్చుకుందామా?" అని అడుగుతారు. మార్చుకోను.

పాప జ్వరం తగ్గిన రోజు అటక మీది పెట్టె దింపించాను. ట్రాన్స్‌మిటర్‌లో సెల్లులు లేవు. వాడనప్పుడు తీసి పెట్టాలని ఆమె నేర్పిందే. విమానం బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. కొత్తది తెప్పించాను. విమానం కడుపు మూత విప్పితే లోపల రిసీవర్ పక్కగా కొస విరిచిన అగ్గిపుల్ల ఒకటి, టేపుతో అంటించి ఉంది. ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు. మళ్ళీ కట్టాల్సి వస్తే పుల్ల కోసం వెతుక్కోకుండా ఉండాలని పెట్టి ఉంటుంది.

ఇన్నేళ్ళు కరెంటు లేకుండా పడి ఉన్న బిడ్డకు అమ్మ గుర్తుంటుందా? ఫ్యాను రెక్క విప్పాను. ముందు ట్రాన్స్‌మిటర్ వేశాను. తర్వాత విమానం. ఎర్రదీపం ఒకసారి మిణికింది, రెండోసారి మిణికింది. నిలిచింది. కర్ర కదిపితే తోక ఆడింది. నా నోట్లోంచి ఆమె చేసే శబ్దమే వచ్చింది. మావారు వంటింట్లోంచి తొంగి చూశారు.

ఈరోజు ఆదివారం. సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరుతుంటే మావారి తల్లి ఎదురొచ్చింది. "రాగుకాలంలో బిడ్డనెత్తుకోని యాడికే?"

"రేడియో అత్త దగ్గరికి," అన్నాను. ఆవిడ నన్ను, నా చేతిలోని విమానాన్ని చూసి దారి ఇచ్చింది.

ఊరి బయట పత్తి ఏరేసిన నల్లరేగడి చేను పక్కన, మనిషి జాడ లేదు. గాలి పడిపోయింది. మావారు విమానం ఎత్తుకుని అరవై అడుగులు నడిచారు, వెనకాల పాప పరిగెత్తింది. వీపు తిప్పి నిలబడమన్నాను. తోక ఆడింది. రెక్క బిగించి, ఫ్యాను తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూశాను, ఆగిపోయింది. భయపడాల్సినవన్నీ ముందే భయపడి ముగించాను. అప్పుడు మావారిని విసరమన్నాను.

విమానం చేను మీదుగా లేచింది. పాప మొదట శబ్దానికి నా కాలు గట్టిగా పట్టుకుంది. రెండో చుట్టుకు తల ఎత్తింది. మూడో చుట్టుకు నన్ను వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, "ఎగిరె! ఎగిరె!" అని నల్లమట్టిలో గెంతడం మొదలుపెట్టింది. దానికి ఆ మాట ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో మాట్లాడేదే అలా. కానీ ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురు చూసిందో నాకు తెలుసు.

విమానం దింపాను. ముందు బిడ్డను, తర్వాత అమ్మను ఆపాను. అగ్గిపుల్ల అవసరం రాలేదు. దాన్ని అక్కడే, కొత్త టేపుతో మళ్ళీ అంటించాను.

తిరిగి వచ్చేటప్పుడు మావారి భుజం మీదే పాప నిద్రపోయింది. ఇంకా లేవలేదు. ఈ రాత్రి వేలు పెట్టి చూడలేదు. దాని ఊపిరి ఇక్కడికి వినిపిస్తూనే ఉంది. బిడ్డ పొణుకుంది, అత్తా. ఇక నేనూ పడుకుంటాను.